వెరసి, సంకలితము, బేరీజు: మొత్తాన్ని చెప్పే తెలుగు మాటల అర్థచరిత్ర

కృష్ణా పడమటి డెల్టాలోని చెరుకుపల్లి, రేపల్లె, బాపట్ల ప్రాంతాల పాత క్రయదస్తావేజుల్లోను, కరణాల లెక్కల్లోను సర్వే నంబర్ల వారీగా భూమి వివరం ముగిసే చోట తరచు ఒక మాట కనిపిస్తుంది: వెరసి. కొన్ని చోట్ల దీనినే వెరశి అని రాస్తారు. దాని పక్కన ఎకరాలు, సెంట్లు ఉంటాయి. ఇదే పనికి బడిలో పిల్లలు నేర్చే మాట సంకలనం. వచ్చిన ఫలితానికి వారు నేర్చే మాట మొత్తం. పక్క వీధిలో దుకాణం నడిపే వ్యాపారి పుస్తకంలో జమ అన్న మాట ఉంటుంది. అదే రోజు పత్రికలో సంపాదకుడు లాభనష్టాలను బేరీజు వేస్తాడు. ఈ మాటలన్నీ ఏదో ఒక కాలంలో ఒకే గణిత ప్రక్రియను గాని, దాని ఫలితాన్ని గాని చెప్పినవే. అయితే అవి ఒకే అర్థంలో ఎన్నడూ లేవు.

నిఘంటువులు వీటిని ఒకదానికొకటి పర్యాయపదాలుగా ఇస్తాయి. నిఘంటుకారుని అవసరానికి అది చాలవచ్చు. పాత గణిత గ్రంథాన్ని పరిష్కరించేవారికి, గ్రామ లెక్కలను ఆధారంగా చరిత్ర రాసేవారికి మాత్రం అది చాలదు. సంకలితమన్న మాటకు కూడిక అని అర్థం రాసుకొని పావులూరి గణితాన్ని చదివితే అందులో ఒక ప్రకరణమే తారుమారవుతుంది. బేరీజు అన్న మాటకు నేటి అర్థం పెట్టుకొని 18వ శతాబ్దపు లెక్కను చదివితే, తేలిన మొత్తం అంచనాగా మారిపోతుంది. అందువల్ల ఈ మాటల అర్థాలను వాటి వాడుక చోట్లలోనే పరిశీలించవలసి ఉంది.

కలిపే పని, కలిసే సంఖ్య, కలిసిన ఫలితం

కూడికలో మూడు విషయాలున్నాయి. కలపడం అన్న పని ఒకటి. కలపడానికి తీసుకున్న రాశులు రెండవది. చివర వచ్చే రాశి మూడవది. ఐరోపా భాషల గణితంలో ఈ మూడింటికీ విడివిడి పేర్లు స్థిరపడ్డాయి. కలిపే రాశిని చెప్పే అడెండ్ అన్న మాట లాటిన్‌లో ‘కలపవలసినది’ అనే అర్థమున్న రూపం నుంచి వచ్చింది. ఫలితాన్ని చెప్పే సమ్ అన్న మాటకు మూలమైన సుమ్మా శబ్దానికి ‘పైన ఉన్నది’ అని అర్థం. రోమనులు వరుసను కింది నుంచి పైకి కూడి ఫలితాన్ని తలమీద రాసేవారు కాబట్టి ఆ పేరు వచ్చిందని చెబుతారు. తెలుగు లెక్కలో ఫలితం అడుగున ఉంటుంది. దాని పేరు స్థానాన్ని కాక కలయికను చెబుతుంది.

కూడిక అన్న మాట కూడు ధాతువు నుంచి వచ్చింది. తమిళ మలయాళాల్లోని కూట్టల్ దీని బంధువే. కూడలి, కూటము, కూటమి, కూడబెట్టడం అన్నీ ఈ కుటుంబంలోవే. కూడు అన్న క్రియ అకర్మకంగా ‘చేరు, కలియు’ అని, సకర్మకంగా ‘చేర్చు’ అని రెండు విధాలా నడుస్తుంది. ఓడు ధాతువుకు ఓర్చు ఉన్నట్టే కూడు ధాతువుకు కూర్చు అన్న రూపం ఉంది. దాని నుంచి వచ్చిన కూర్పు గణితంలోకి పోలేదు. గ్రంథ రచనలోను, తరువాత సినిమా పేర్ల పట్టికలోను స్థిరపడింది. బడిలో వల్లించే కూడిక, తీసివేత, హెచ్చవేత, భాగహారం అన్న నాలుగు పేర్లలో మొదటి మూడూ దేశ్యాలు, చివరిది మాత్రమే సంస్కృతం. భాగహారానికి కూడా దేశ్యమైన పేరు దొరకక కాదు, శాస్త్రం పలుకుబడి అక్కడ నెగ్గింది.

ఫలితానికి వాడే మొత్తము శబ్దం తమిళంలోను, కన్నడంలో మొత్త అన్న రూపంతోను ఉంది. కన్నడ పాఠ్యపుస్తకాల్లో నేటికీ కూడిక ఫలితానికి అదే పేరు. తెలుగు కావ్యభాషలో మొత్తము మొదట సమూహాన్ని, గుంపును చెప్పే మాట. అందులో సంఖ్య లేదు, లెక్క లేదు. మందను చూసి చెప్పే మాట లెక్కించి చెప్పే మాట కావడానికి మధ్య ఒక పెద్ద అడుగు ఉంది. గుంపులో దేని పేరు దానికుండదు, మొత్తంలో కూడా అంతే.

మిగిలినది రెండవ విషయం, అంటే కలపడానికి తీసుకున్న ఒక్కొక్క రాశి. దీనికి తరగతి గదిలో ‘కూడవలసిన సంఖ్య’ అని విడమరచి చెప్పడమే ఎక్కువగా వినిపిస్తుంది. ఆ విడమరపు చూసి తెలుగులో దీనికి మాట లేదని అనుకోవడం తొందరపాటు. కరణానికి, షావుకారుకు ఈ మాట ఎప్పుడూ ఉంది. అది పద్దు. లెక్కలో ఒక వరుసన రాసిన ఒక అంశం పద్దు. దాన్ని మిగతావాటితో కలిపితేనే దానికి సార్థకత. శాసనసభలో బడ్జెట్ పద్దులపై చర్చ జరిగిందని రాసే విలేఖరి కూడా ఈ అర్థాన్నే, తెలియకనే, కాపాడుతున్నాడు. గణిత పరిభాషను నిర్మించినవారు పద్దును లెక్కల పుస్తకానికి వదిలేసి గణిత పుస్తకంలోకి తీసుకోకపోవడం వింతగానే ఉంది.

మహావీరుని సంకలితము, మల్లన గణితము

తెలుగులో దొరికిన తొలి శాస్త్ర గ్రంథంగా సాహిత్య చరిత్రకారులు పేర్కొనే సారసంగ్రహ గణితము ఈ ప్రాంతానికి సంబంధించినదే. కర్త పావులూరి మల్లన కమ్మనాటిలోని పావులూరికి అధిపతి. ఆ పావులూరు ఇంకొల్లు మండలంలో ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు పూర్వపు ప్రకాశం జిల్లా నుంచి ఇంకొల్లు, పూర్వపు గుంటూరు జిల్లా నుంచి చెరుకుపల్లి ఒకే బాపట్ల జిల్లాలోకి వచ్చాయి. రాజరాజనరేంద్రుని వల్ల పిఠాపురం దగ్గరి నవఖండవాడ అగ్రహారాన్ని పొందిన మల్లన, గ్రంథకర్త అయిన మల్లన ఒకరేనా, తాతా మనుమలా అన్న చర్చ చాలాకాలంగా ఉన్నదే. ఆ చర్చలో ఏ పక్షం నెగ్గినా ఇక్కడి విషయానికి తేడా రాదు. గ్రంథం 11, 12 శతాబ్దుల మధ్యదని, దాని మూలం మహావీరాచార్యుని గణితసారసంగ్రహమని తెలిస్తే చాలు.

మహావీరుడు 9వ శతాబ్దిలో రాష్ట్రకూట అమోఘవర్ష నృపతుంగుని కాలంవాడు, జైనుడు. మల్లన ఆ గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినప్పుడు జైన వాతావరణాన్ని తీసి శైవ వాతావరణాన్ని పెట్టాడని పరిశోధకులు గుర్తించారు. ఉదాహరణలు మారాయి, దేవుళ్లు మారారు. పరిభాష మాత్రం మూలం నుంచి వచ్చిందే. కాబట్టి సంకలితమన్న మాటకు మల్లన గ్రంథంలో అర్థం వెతికేవారు మొదట మహావీరుని దగ్గరకు పోవాలి.

అక్కడ ఒక ఆశ్చర్యం ఎదురవుతుంది. మహావీరుడు పరికర్మ వ్యవహారంలో ఎనిమిది ప్రక్రియలు చెప్పాడు. అవి ప్రత్యుత్పన్నము, భాగహారము, వర్గము, వర్గమూలము, ఘనము, ఘనమూలము, సంకలితము, వ్యుత్కలితము. మొదటిదైన ప్రత్యుత్పన్నం గుణకారం. కూడిక మొదట లేదు. ఏడవ చోట ఉన్న సంకలితం కూడిక కాదు. అది శ్రేఢి మొత్తం, అంటే ఒక క్రమంలో పెరిగే సంఖ్యల మొత్తాన్ని కనుక్కొనే విధానం. దీనికే చితి అన్న పేరు కూడా ఉంది. ఎనిమిదవదైన వ్యుత్కలితం మామూలు తీసివేత కాదు. శ్రేఢిలో మొదటి కొన్ని పదాలను వదలగా మిగిలిన భాగం మొత్తాన్ని కనుక్కోవడం అది. రెండు సంఖ్యలను కలపడం, ఒకదాని నుంచి ఒకటి తీయడం అన్న పనులను మహావీరుడు ప్రత్యేక పరికర్మలుగా చెప్పలేదు. చదువరికి అవి ముందే వచ్చి ఉంటాయని భావించాడనుకోవడమే సబబు.

మహావీరునికి ముందువాడైన బ్రహ్మగుప్తుని పద్ధతి వేరు. 628లో రాసిన బ్రాహ్మస్ఫుట సిద్ధాంతంలో అతడు గణకుడికి తెలియవలసినవిగా ఇరవై పరికర్మలను, ఎనిమిది వ్యవహారాలను పేర్కొని, ఆ ఇరవైని సంకలితంతోనే మొదలుపెట్టాడు. అక్కడ సంకలితం కూడికే. 1150 నాటి లీలావతిలో భాస్కరాచార్యుడు సంకలిత వ్యవకలితాలను కూడిక తీసివేతలుగా మొదటనే చెప్పాడు. శ్రేఢీ వ్యవహారంలో 1 నుంచి వరుసగా ఉన్న సంఖ్యల మొత్తాన్ని కూడా సంకలితమనే అన్నాడు. ఆ మొత్తాల మొత్తాన్ని సంకలితైక్యమన్నాడు. ఒకే గ్రంథంలో ఒకే మాటకు రెండు పనులు పడ్డాయి. వీరందరికంటె ముందు 499 నాటి ఆర్యభటీయంలో ఈ రెండవ అర్థానికి చితి, చితిఘనము అన్న మాటలున్నాయి. చితి అంటే పేర్పు. ఇటుకలు పేర్చినట్టు సంఖ్యలు పేర్చడం.

భేదం ఎక్కడుందో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. మొదటి వరుసలో 3 పూలు, తరువాత ప్రతి వరుసలో 2 చొప్పున పెంచుతూ 5 వరుసలు పేర్చినట్టయితే 3, 5, 7, 9, 11 వస్తాయి. వీటిని ఒకదాని తరువాత ఒకటి కలిపి 35 తేల్చడం కూడిక. అలా కలపకుండా, 5 నుంచి 1 తీసి సగం చేసి, దాన్ని 2తో హెచ్చించి, 3 కలిపి, వచ్చిన 7ను 5తో హెచ్చించి 35 అనడం మహావీరుని అర్థంలో సంకలితం. ఇక్కడ కూడవలసిన పద్దులు ఐదూ ఎవరికీ అక్కర్లేదు. ఆది, చయము, గచ్ఛము అన్న మూడు తెలిస్తే చాలు. కూడికను తప్పించుకొనే ఉపాయానికి సంకలితమన్న పేరు పడిందనడం అతిశయోక్తి కాదు. మల్లన పద్యాల్లో ఈ మాట వచ్చినచోట అడుగున ‘కూడిక’ అని రాసే వ్యాఖ్యాత, సూత్రానికీ పేరుకూ పొంతన కుదరక చివరకు పాఠాన్నే అనుమానించే ప్రమాదం ఉంది.

మరొక మాటలో కూడా ఇలాంటి కదలికే కనిపిస్తుంది. శ్రేఢి గణితంలో గచ్ఛానికి పదము పర్యాయం. అంటే ఎన్ని వరుసలున్నాయన్న సంఖ్య పదం. ఆధునిక తెలుగు గణితంలో పదం ఆ వరుసల్లో ఒక్కొక్కదాని పేరు. ‘5 పదాలు’ అని ఇప్పటివారు అనే చోట పాతవారు ‘పదము 5’ అంటారు. పాత గ్రంథంలో పదమన్న మాటను నేటి అర్థంలో తీసుకొంటే లెక్క తప్పకపోవచ్చు, వాక్యం అన్వయించదు. ఇక ఫలితానికి శాస్త్రం పెట్టిన పేరు సర్వధనము. చివరి పదం విలువ అంత్యధనము, నడిమి విలువ మధ్యధనము. పై ఉదాహరణలో 7 మధ్యధనం, 35 సర్వధనం. సంఖ్యల కలయికను ధనమని పిలిచిన శాస్త్రం వ్యాపారపు కొట్టుకు మరీ దూరంగా పుట్టలేదు.

శ్రేఢి అర్థంలోని సంకలితం దక్షిణాన మరికొంత దూరం నడిచింది. సుమారు 1530లో జ్యేష్ఠదేవుడు మలయాళంలో రాసిన యుక్తిభాషలో మూలసంకలితం, వర్గసంకలితం, వారసంకలితం అన్నవి వృత్తపరిధిని అనంత శ్రేఢిగా తేల్చడానికి సాధనాలు. నేటి తెలుగులో ఆ తరహా ప్రక్రియను సమాకలనమంటారు. తెలుగు పరిభాషా నిర్మాతలు కేరళ గ్రంథాన్ని ఎదుట పెట్టుకొని ఈ మాట చేశారని చెప్పడానికి వీలులేదు. ఒకే ధాతువు మీద ఉపసర్గ మారిందంతే. అయినా సంకలనానికి ఒక కొసన చిన్న పిల్లల కూడిక, రెండవ కొసన కలనగణితం నిలబడడం యాదృచ్ఛికం మాత్రమే కాదు. ఆ ధాతువు మొదటినుంచీ రెండు పనులనూ మోస్తూ వచ్చింది.

వెరసి: ముగియని వాక్యం

వెరయు, బెరయు అన్నవి ‘కలియు’ అనే అర్థమున్న దేశ్య క్రియలు. కన్నడంలో బెరసు అంటే నేటికీ కలపడమే. తెలుగు వాడుకలో ఈ క్రియ దాదాపు అంతరించింది. క్త్వార్థక రూపమైన వెరసి మాత్రం లెక్కలో గడ్డకట్టి నిలిచింది. ఈ వ్యాకరణ విశేషాన్ని పట్టించుకోకపోతే మాట స్వభావం అందదు. మొత్తము నామవాచకం, దాన్ని ఎక్కడైనా పెట్టవచ్చు. సంకలనము కర్తను కోరుతుంది, ఎవరో ఒకరు చేయాలి. వెరసి అసమాపక క్రియ. ‘ఇవన్నీ కలిసి’ అని ఆగిపోతుంది. వాక్యాన్ని ముగించేది దాని పక్కన రాసే అంకె. పద్దులే ఆ వాక్యానికి కర్తలు. కూడినవాడు వాక్యంలో ఎక్కడా లేడు. దస్తావేజుకు ఇది ఎంతో అనుకూలం. లెక్క కట్టింది కరణమైనా లేఖరి అయినా, పొలాలే తమంతట తాము కలిసి ఇంతయ్యాయని పత్రం చెబుతుంది.

ఇంకొక సంగతి కూడా ఉంది. పాత లెక్కలో కలిసేవి ఒకే జాతి అంకెలు కావు. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. ధాన్యానికి పుట్టికి 20 తూములు, తూముకు 4 కుంచాలు. ఒక చెక్కలో 3 పుట్ల 14 తూముల 3 కుంచాలు, మరొక చెక్కలో 2 పుట్ల 9 తూముల 2 కుంచాలు పండాయనుకుంటే, కుంచాలు 5 కలిసి ఒక తూమూ ఒక కుంచమూ అవుతాయి. తూములు 24 కలిసి ఒక పుట్టీ నాలుగు తూములూ అవుతాయి. వెరసి 6 పుట్ల 4 తూముల 1 కుంచం. ఇక్కడ చిన్న కొలతలు పెద్ద కొలతల్లో కరిగిపోవడం కంటికి కనిపిస్తుంది. ‘కలియు, మిశ్రమమగు’ అనే అర్థమున్న క్రియ ఈ పనికి సరిగా అమరింది. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు, తరువాత మెట్రిక్ కొలతలు వచ్చాక కూడిక అంకెల వ్యవహారమైంది. ఆ కరగడం మరుగున పడింది.

భూమి లెక్కలో మాత్రం ఇప్పటికీ ఈ సంగతి తెలియక తప్పదు. కోస్తాలో ఎకరానికి 100 సెంట్లు, తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు. చెరుకుపల్లి వైపు దస్తావేజులో 2-60, 1-50 అన్న రెండు చెక్కలుంటే వెరసి 4-10. తెలంగాణ పత్రంలో 2-20, 1-30 ఉంటే వెరసి అక్కడా 4-10 అవుతుంది. రెండు చోట్లా ఒకే మాట, ఒకే అంకె. మొదటిదానిలో నాలుగెకరాల మీద పదోవంతు, రెండవదానిలో నాలుగెకరాల మీద పాతిక. వెరసి పక్కన ఉన్న అంకెను ప్రాంతం తెలియకుండా చదివే పరిశోధకుడు ఇక్కడ జాగ్రత్తపడాలి.

పత్రికాభాషలో వెరసికి కొత్త బతుకు దొరికింది. వానలు లేకపోవడం, ధర పడిపోవడం, అప్పు దొరకకపోవడం అని మూడు కారణాలు చెప్పి ‘వెరసి రైతు కుదేలయ్యాడు’ అని రాస్తారు. అంకె పోయి ఫలితార్థం మిగిలింది. దీన్ని భ్రష్టప్రయోగమని కొట్టివేయనక్కరలేదు. అసమాపక క్రియ కాబట్టే పక్కన అంకెకు బదులు వాక్యం వచ్చి కూర్చోగలిగింది. మొత్తమన్న నామవాచకం ఆ పని చేయాలంటే ‘మొత్తం మీద’ అని మరో మాట సాయం తెచ్చుకోవలసి వచ్చింది.

జమ, బేరీజు: కచేరీ దారి

16వ శతాబ్ది చివర కొండవీడు గోల్కొండ ఏలుబడిలోకి పోయింది. ఆ సీమ ముర్తజానగర్ సర్కారైంది. 1788లో గుంటూరు సర్కారు కంపెనీ చేతికి వచ్చేనాటికి ఇక్కడి శిస్తు లెక్కల్లో పారసీ, అరబీ మాటలు పాతుకుపోయాయి. వాటిలో జమ ముఖ్యం. అరబీలో జమ్ అంటే కూర్చడం. గణితంలో కూడికకు అదే పేరు. మహావీరుని శతాబ్దిలోనే బాగ్దాదులో ఉన్న అల్-ఖ్వారిజ్మీ కూడిక తీసివేతలపై రాశాడని చెప్పే, మూలం దొరకని గ్రంథం పేరులో ఉన్నది ఈ మాటే. శిస్తు వ్యవహారంలో జమ గ్రామం మీద పడ్డ మొత్తం శిస్తయింది, దాన్ని ఏటా తేల్చే పని జమాబందీ అయింది. వ్యాపారి పుస్తకంలో ఖర్చుకు ఎదురుగా నిలిచి, వచ్చిన సొమ్మయింది. జమచేయడమంటే బ్యాంకులో వేయడమన్న నేటి అర్థం అక్కడి నుంచి వచ్చింది. కూడిక అన్న మూలార్థం తెలుగులో ఎవరికీ వినిపించదు.

బేరీజు కథ ఇంకా విచిత్రం. మరాఠీ బడిలో కూడిక పేరు బేరీజ్, తీసివేత పేరు వజాబాకీ. పారసీ మూలమైన ఈ మాటకు శిస్తు పరిభాషలో అర్థం తేలిన మొత్తమని 1855 నాటి విల్సన్ న్యాయ రెవిన్యూ పదకోశం కూడా సూచిస్తుంది. వజా, బాకీ రెండూ తెలుగులోకి వచ్చాయి. వజా మినహాయింపుగా, బాకీ చెల్లించవలసిన అప్పుగా స్థిరపడ్డాయి. తీసివేతలో మిగిలినది అప్పు కావడం శిస్తు కట్టేవారి అనుభవం నుంచి వచ్చిన అర్థమే కావాలి. బేరీజు తెలుగులోకి పారసీ నుంచి నేరుగా వచ్చిందా, మరాఠీ మీదుగా వచ్చిందా అన్నది ఆలోచించదగ్గది. రాబర్ట్ ఫ్రైకెన్‌బర్గ్ 1965లో ప్రచురించిన గుంటూరు జిల్లా చరిత్ర, 1788 నుంచి 1848 వరకు ఆ జిల్లా కచేరీల మీద దేశస్థ ఉద్యోగ కుటుంబాలకున్న పట్టును వివరంగా చూపింది. కచేరీ దఫ్తరుల్లో మరాఠీ నడిచిన కాలమది. కూడికకే బేరీజు అనే భాషవారు లెక్క రాస్తూ, తెలుగు కరణం వెరసి అనే భాషలో లెక్క అప్పగిస్తూ ఉన్న చోట ఆ మాట మరాఠీ దారినే వచ్చివుండడానికి అవకాశం ఎక్కువ.

గ్రామం లెక్క కచేరీకి చేరాక మళ్లీ కూడి సరిచూస్తారు. పైవాడు సరిచూసే మొత్తం బేరీజు. ఆ పరిశీలనార్థమే క్రమంగా ముందుకొచ్చి, ‘బేరీజు వేయడం’ తూచి చూడడమైంది. ఇప్పుడు కవిత్వాన్ని, నాయకులను, సంబంధాలను కూడా బేరీజు వేస్తున్నారు. కూడే పని తీర్పు చెప్పే పనిగా మారిన ఈ మార్పు మరాఠీ బేరీజ్‌కు జరగలేదు. అక్కడ అది బడిలోనే ఉండిపోయింది. తెలుగు పిల్లలకు బడిలో కూడిక ఉండగా బేరీజుకు అక్కడ చోటు దొరకలేదు, అందువల్లనే అది ఊరిమీద తిరిగి కొత్త అర్థం తెచ్చుకుంది.

సి. పి. బ్రౌన్ ఈ మాటల విషయంలో చేసిన ఏర్పాటు గమనించదగినది. 1852 నాటి తెలుగు నిఘంటువులో కావ్యభాషకు, దేశ్యాలకు చోటిచ్చి, కచేరీల్లో నడిచే అన్యదేశ్యాలకు 1854లో విడిగా మిశ్రభాషా నిఘంటువు వేశాడు. కచేరీ ఉద్యోగిగా అతనికి అది సౌకర్యం. అయితే ఒకే కరణం ఒకే తాటాకు మీద, ఒకే కాగితం మీద వెరసి, జమ రెండూ రాసేవాడు. నిఘంటువులు విడిపోవడంతో ఒకే లెక్కలోని రెండు మాటలు రెండు పుస్తకాల పాలయ్యాయి. 1885లో వచ్చిన శబ్దరత్నాకరం దృష్టి కావ్యభాష మీదనే. లెక్కల పరిభాషను మొత్తంగా ఒకచోట చూసిన నిఘంటువు ఆ శతాబ్దిలో రాలేదు.

సంకలనము: బడి నుంచి సాహిత్యానికి

20వ శతాబ్దిలో మాతృభాషా బోధన విస్తరించి, 1968లో తెలుగు అకాడమి ఏర్పడి ఉన్నత విద్యకు పాఠ్యపుస్తకాలు వచ్చేసరికి గణిత పరిభాష దాదాపు పూర్తిగా సంస్కృతం వైపు ఒరిగింది. సంకలనం, వ్యవకలనం, సంకలన తత్సమాంశం, సంకలన విలోమం వరుసగా వచ్చాయి. దీనికి కారణం లేకపోలేదు. తత్సమాంశం, విలోమం వంటి భావనలకు ముందు నిలబడడానికి సమాసానికి ఒదిగే మాట కావాలి. కూడిక అలా ఒదగదు, వెరసి అసలే ఒదగదు. అసమాపక క్రియను సమాసంలో పూర్వపదంగా పెట్టడం కుదరదు కదా. ఆ స్థాయిలో సంకలనం ఎంపిక సరైనదే. మొదటి తరగతి నుంచే కూడిక స్థానంలో సంకలనాన్ని తెచ్చిపెట్టడం మాత్రం అంత సమర్థనీయం కాదు. ఇంట్లో కూడబెట్టడం, కూడలి, కూటమి అన్న మాటలు వింటూ పెరిగిన పిల్లకు కూడిక అన్న పేరే దాని అర్థం చెబుతుంది. సంకలనం చెప్పదు.

ఇదే మాటకు సాహిత్యంలో మరొక జీవితం ఉంది. ముద్దుకృష్ణ 1935లో తెచ్చిన వైతాళికులు వంటి గ్రంథాన్ని నేడు కవితా సంకలనమంటారు. మడికి సింగన తన సకలనీతిసమ్మతానికి ఆ పేరు పెట్టలేదు. సమ్మతము, రత్నాకరము అని పేర్లు పెట్టడం పాత పద్ధతి. సంకలనకర్త చేసే పని కూడిక కాదు. కలిపాక కూడా ప్రతి కవితా తన పేరుతో, తన కవి పేరుతో విడిగానే నిలుస్తుంది. 3, 5 కలిసి 8 అయ్యాక 3ను అందులో చూపలేము. సాహిత్యంలోని సంకలనం నిజానికి పద్దుల పుస్తకం లాంటిది, అడుగున వెరసి లేని పద్దుల పుస్తకం.

1984లో ఆంధ్రప్రదేశ్‌లో కరణం పదవులు రద్దయ్యాయి. వెరసి రాసిన చేతులు పోయాయి. లెక్కల పేర్లు కొన్ని ఉండిపోయాయి. గ్రామ లెక్కల్లో సర్వే నంబరు వారీగా సాగు వివరాలు రాసే పుస్తకం అడంగల్. చెరుకుపల్లి రైతు బ్యాంకు అప్పుకైనా, పంట పరిహారానికైనా నేటికీ ఆ నకలే తీసుకుపోతాడు. తమిళంలో అడంగల్ అంటే ఇమిడి ఉన్నది, అంతా కలిసినది. మద్రాసు రాజధాని లెక్కల పద్ధతితో తెలుగు గ్రామాలకు వచ్చిన ఆ మాట కూడా మొత్తాన్ని చెప్పేదే.